చిత్రము తీసినవాడెవడు? — తొలినాటి రోదసీయాత్రల డాక్యుమెంటరీలపై ప్రేక్షకాభిప్రాయములు

అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా స్థాపింపబడి ఏబదియేండ్లు నిండిన సందర్భమున, 2008వ సంవత్సరము జూన్ నెలలో డిస్కవరీ ఛానెల్ వారు వరుసగా మూడు ఆదివారములు, దినమునకు రెండేసి భాగముల చొప్పున, 'వెన్ వియ్ లెఫ్ట్ ఎర్త్' అను ఆఱు భాగముల డాక్యుమెంటరీ మాలను ప్రసారము చేసిరి. మెర్క్యురీ నౌకలతో మొదలై, జెమినీ, అపోలో, షటిల్ యాత్రల మీదుగా అంతర్జాతీయ రోదసీ కేంద్రము వఱకు సాగిన యీ మాలకు వ్యాఖ్యాత గ్యారీ సినీస్ అను నటుడు. 1995 నాటి 'అపోలో 13' చలనచిత్రమున, తట్టు సోకెనేమో యను అనుమానముచే కడపటి క్షణమున యాత్రకు దూరమైన కెన్ మాటింగ్లీ పాత్రను ధరించినవాడితడే. సభలకును పత్రికలకును దూరముగా మెలగెడి నీల్ ఆర్మ్‌స్ట్రాంగు సైతము ఇందు కెమెరా కెదురుగా కూర్చుండి మాటాడెను. నాసా భాండాగారములలో దశాబ్దములుగా పడియున్న ఫిలిములను శుభ్రపఱచి స్ఫుటముగా చూపుట ఈ మాలకు ముఖ్యమైన ఆకర్షణ యయ్యెను.

ఇట్టి చిత్రమాలలపై ప్రేక్షకుల మాటలను సమీక్షలలో చదివియు, ముఖాముఖి సంభాషణలలో వినియు కొన్నియేండ్లుగా కూడబెట్టుకొనుచు వచ్చిన నాకు మొదట తోచినది ఒకటి: మెచ్చినవారును మెచ్చనివారును తఱచు ఒకే సంగతిని పట్టుకొని మాటాడుచుందురు. "అక్కడనే యుండి చూచినట్లున్నది" అని ఒకరు పరవశించు చోటనే, "అక్కడ నెవరుండి తీసిరి?" అని మఱియొకరు కనుబొమ్మ లెగురవేయుదురు. మొదటి మాట రసజ్ఞతగాను, రెండవది అజ్ఞానముగాను లెక్కకు వచ్చుట పరిపాటి. కాని యీ రెండును ఒక్క లోపము నుండియే పుట్టుచున్నవనియు, చిత్రమును కూర్చినవారు చిత్రము తీసినవానిని తెర వెనుక దాచివేయుటయే ఆ లోపమనియు నా వాదము.

ఈ ప్రశ్నను నాకు ముందుగా వేసినవారు మా పెదనాయనగారు. 1969వ సంవత్సరము జూలై 21, సోమవారమునాడు, భారత కాలమానము ప్రకారము ఉదయము 8 గంటల 26 నిమిషములకు ఆర్మ్‌స్ట్రాంగు చంద్రునిపై కాలు మోపెను. ఆ వార్తను పెదనాయనగారు పంచాయతీ రేడియో వద్ద నిలుచుండి వినినవారు. ఆయన ఎనుబదవ పడిలో నుండగా నేనీ చిత్రమాలను తెచ్చి చూపితిని. నిచ్చెన దిగు దృశ్యము వచ్చినది. ఆయన కండ్లద్దములు పైకి నెట్టుకొని, "అది సరేగాని అబ్బాయీ, మొదట దిగినవాడు వాడే కదా, మరి కిందనుంచి వాణ్ణి ఫొటో తీసినవాడెవడు?" అని యడిగిరి. యాత్రను శంకించు మనిషి కాడాయన. ఏబదియేండ్లుగా దానిని నమ్మియున్నవాడు. ఆయన శంకించినది చిత్రమును. నాకు వెంటనే బదులు తోచలేదు. తోచలేదని చెప్పుకొనుటకు సిగ్గుపడి మాట మార్చితిని.

ఆయన వంటి ప్రేక్షకునికిని అమెరికా ప్రేక్షకునికిని గల భేదము నిచట గుర్తింపవలెను. ఆనాడు చంద్రునిపై అడుగును టెలివిజన్‌లో ప్రత్యక్షముగా చూచినవారు ప్రపంచమున అఱువది కోట్లని అంచనా. అప్పటికి మన దేశమున టెలివిజన్ ఢిల్లీకి మాత్రమే పరిమితము, హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరు 23న గాని మొదలు కాలేదు. కావున అమెరికా వృద్ధునకు డాక్యుమెంటరీ యనగా ఎప్పుడో చూచినదానిని మరల చూచుట. తన మసక జ్ఞాపకమును తెరపై నిగనిగలాడు బొమ్మతో పోల్చి చూచుకొని అతడు తృప్తిపడును. తెలుగు వృద్ధునకు ఇదియే తొలి దర్శనము. చెవితో నమ్మినదానిని కంటితో పరీక్షించుటకు కూర్చున్నవానికి కలుగు ప్రశ్నలు వేఱు. (1975 ఆగస్టు నుండి ఒక యేడాది పాటు జరిగిన 'సైట్' ప్రయోగమున ఆంధ్రప్రదేశములోని కొన్ని పల్లెలకు టెలివిజన్ బొమ్మను మొట్టమొదట చేరవేసినది నాసావారి ఏటీయస్-6 ఉపగ్రహమే, చంద్రుని చూపక పోయినను, వ్యవసాయ కార్యక్రమములను చూపినది.)

ఇక దాపఱిక మెట్లు జరుగుచున్నదో ఒక్క దృశ్యమును దగ్గఱగా చూతము. అపోలో కథను చెప్పు చిత్రములలో, 111 మీటర్ల సాటర్న్-5 రాకెట్టు పైకి లేచిన కొంతసేపటికి, రాకెట్టు మొదటి రెండు అంతస్తుల నడుమనుండు లోహవలయము మెల్లగా విడివడి, నిప్పుల కాంతిలో మెఱయుచు, నీలి భూగోళము మీదికి జాఱిపోవు దృశ్యము తఱచు కనవచ్చును. చూచినవాడు మఱువలేడు. కాని యా దృశ్యము ఆర్మ్‌స్ట్రాంగు ప్రయాణము లోనిది గాదు. మానవులెవరును ఎక్కని పరీక్షాయాత్రలలో — 1967 నవంబరు 9న ఎగిరిన అపోలో 4, 1968 ఏప్రిల్ 4న ఎగిరిన అపోలో 6 యాత్రలలో — రాకెట్టునకు అమర్చిన కెమెరాలు తీసినది. ఆ కెమెరాల పెట్టెలు పనియైన పిదప రాకెట్టు నుండి విడిపోయి పారాషూటుతో సముద్రమున పడగా వెదకి తెచ్చి ఫిలిమును కడిగిరి. ఈ కథ దృశ్యముకంటె తక్కువ అద్భుతమా? అయినను వ్యాఖ్యాత దీనిని చెప్పడు. బొమ్మను అపోలో 11 నడుమ చొనిపి, గర్జనను జతచేసి సాగిపోవును. వలయము జాఱునెడ, గాలి లేని ఆ యెత్తున గర్జన యెక్కడిదని మన బడిపిల్లవాడు అడుగగలడు. నౌకలలో వాడిన 16 మిల్లీమీటర్ల కెమెరాలు సైతము మూగవి. వాటి ఫిలిముతో వినబడు సవ్వడులన్నియు భూమిపై అతికినవే.

ఈ కూర్పు నేర్పునకు పరాకాష్ఠ యని చెప్పదగినది ఆల్ రైనర్ట్ 1989లో వెలువరించిన 'ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్'. 1968 మొదలు 1972 వఱకు చంద్రుని వైపు సాగిన తొమ్మిది యాత్రల ఫిలిమును ఒక్క యాత్రవలె కుట్టి, మాటాడునదెవరో తెరపై పేరైనను వేయక, బ్రయన్ ఈనో సంగీతముతో ఒక స్వప్నమువలె నడిపిన చిత్రమిది. సండాన్స్ ఉత్సవమున న్యాయనిర్ణేతల బహుమతియు, ప్రేక్షకుల బహుమతియు దీనికే దక్కుట చూడగా, ఆ స్వప్నము జనమునకు నచ్చినదనుటలో సందేహము లేదు. కాని చంద్రయాత్ర నడుమ రోదసిలో తేలియాడుచు కనబడు ఆ వ్యోమగామి ఎడ్ వైట్. ఆ నడక 1965 జూన్ 3 నాటి జెమినీ 4 యాత్ర లోనిది. చంద్రుని వైపు ఎవరును బయలుదేరకముందే, 1967 జనవరి 27న, అపోలో 1 నౌకలో పరీక్ష జరుగుచుండగా చెలరేగిన మంటలలో, గ్రిసమ్, చాఫీలతో పాటు అతడు మరణించెను. చనిపోయినవానిని చంద్రుని త్రోవలో నడిపించుట కావ్యమునకు చెల్లునేమో. డాక్యుమెంటరీకి చెల్లదని నా అభిప్రాయము. తరువాత గృహప్రేక్షణమునకై వెలువడిన డిస్కులో, కోరినవారికి పేర్లు తెరపై కనబడునట్లు ఏర్పాటు చేసిరి. ప్రేక్షకుల ఫిర్యాదునకు ఇంతకంటె స్పష్టమైన అంగీకారము అక్కఱలేదు.

దీనికి ప్రతిగా 2019లో టాడ్ డగ్లస్ మిల్లర్ 'అపోలో 11' అను చిత్రమున వ్యాఖ్యాతనే తొలగించి, ఆ కాలపు బొమ్మలతోను మాటలతోను కథ నడపెను. నియంత్రణ మందిరమున తీసిన మూగ ఫిలిమునకు, వేలాది గంటల ధ్వనిముద్రణల నుండి ఆయా మాటలను వెదకి, ఇంజనీర్ల పెదవుల కదలికతో సరిపోల్చి జతచేసిన స్టీఫెన్ స్లేటర్ అను ఆంగ్లేయుని ఓపికను మెచ్చుకొనక తప్పదు. ఎఱిగినవారు దీనిని శిరసున దాల్చిరి. ఎఱుగనివారు మాత్రము "ఎవరు ఎవరో తెలియలేదు" అని నిట్టూర్చిరి. ఆ నిట్టూర్పును నేను తోసివేయలేను.

సోవియట్ యాత్రల లోపమునుగూర్చిన ఫిర్యాదు మఱొకటి గలదు. 1961 ఏప్రిల్ 12న 108 నిమిషములలో భూమిని చుట్టివచ్చిన గగారిన్‌ను, ఎడ్ వైట్ కంటె రెండున్నర నెలలు ముందుగా రోదసిలోనికి అడుగిడిన లియోనోవ్‌ను పక్కన నిడి, 'వెన్ వియ్ లెఫ్ట్ ఎర్త్' — 'మనము భూమిని వీడిన వేళ' — యనుట న్యాయమా యని అడుగువారు అడిగిరి. ఉపశీర్షికలోనే నాసా యాత్రలని చెప్పుకొనిన ఆ మాలకు ఈ నింద సగమే తగులును. సోవియట్ రాకెట్ల నిర్మాత కొరొల్యోవ్ పేరు 1966 జనవరిలో అతడు మరణించువఱకు లోకమునకు వెల్లడి కాలేదన్నచో, అచటి బొమ్మలు ఎంత మఱుగున నుండెనో ఊహింపవచ్చును. రాబర్ట్ స్టోన్ 2019లో తీసిన 'చేజింగ్ ది మూన్' ఈ కొఱతను కొంత తీర్చినది: సోవియట్ అధినేత క్రుశ్చేవు కుమారుడు అందు గొంతు కలిపెను, వ్యోమగామిగా శిక్షణ పొందియు ఎంపిక గాక మిగిలిన నల్లజాతి విమానచోదకుడు ఎడ్ డ్వైట్ కథయు అందు కలదు. ఈ డ్వైట్ తుదకు 2024 మే నెలలో, తొంబదియవ యేట, రోదసిని చూచి వచ్చెను.

మరల కెమెరా సంగతికి వత్తము. 1962 ఫిబ్రవరి 20న భూమిని మూడుమాఱులు చుట్టిన జాన్ గ్లెన్ తనవెంట కొనిపోయినది, ఫ్లోరిడాలో ఒక మందుల దుకాణమున కొన్న చవుక కెమెరా. ఎడ్ వైట్ నడకను తీసిన చలనచిత్ర కెమెరాను నౌక వెలుపల బిగించినవాడు వైటే. స్థిరచిత్రములు తీసినవాడు లోపలనున్న మెక్‌డివిట్. ఇక పెదనాయనగారి ప్రశ్నకు సమాధానము: నిచ్చెన పైమెట్టుననే ఆర్మ్‌స్ట్రాంగు ఒక పిడిని లాగగా, నౌక ప్రక్కనున్న సామానుల పలక క్రిందికి వాలినది, దానిపై టెలివిజన్ కెమెరా తలక్రిందులుగా అమర్చబడియున్నది, లోపలనున్న ఆల్డ్రిన్ విద్యుత్తు నిచ్చెను. మొదటి క్షణములలో భూమికి చేరిన బొమ్మ తలక్రిందులుగానే వచ్చి, మీట త్రిప్పిన పిదప సరియైనది. అనగా చిత్రము తీసిన 'వాడు' ఎవడును లేడు.

అపోలో 17 నౌక 1972 డిసెంబరు 14న చంద్రుని విడిచి లేచు దృశ్యము ఇంతకంటె చిత్రమైనది. దిగిన ఇద్దఱును నౌకలోనే యుండగా, నౌక పైకి పోవుకొలది కెమెరా తలయెత్తి దానిని వెంబడించుట చూచి శంకింపనివాడు అరుదు. ఆ కెమెరా వారు విడిచివచ్చిన బండిపై నున్నది. దానిని కదిపినవాడు హ్యూస్టన్‌లో కూర్చున్న ఎడ్ ఫెండెల్. ఆజ్ఞ చంద్రుని చేరి బొమ్మ తిరిగివచ్చుటకు కొన్ని సెకనులు పట్టును గనుక, చూచి త్రిప్పుట సాధ్యము కాదు. కావున లెక్కగట్టుకొని, నౌక లేవకమునుపే ఆజ్ఞలు పంపవలెను. అపోలో 15లో యంత్రము మొరాయించినది, 16లో లెక్క తప్పినది, 17లో కుదిరినది.

ఈ సంగతు లన్నియు కూడబెట్టుకొని, ఆలస్యముగానే యైనను, పెదనాయనగారికి వివరించితిని. ఆయన ఓపికగా విని, ఫెండెల్ లెక్క వద్ద ఒకమాఱు తల యూపి, చివరకు ఇట్లనిరి: "బాగుందిరా. మరి ఈ ముక్కేదో ఆ సినిమాలోనే చెప్పి చావొచ్చుగా!"