చూడి గొర్రె మేతే పుట్టబోయే పిల్లకు బలం

గొర్రె అయినా మేక అయినా చూడితో ఉండే కాలం సుమారు 150 రోజులు, అంటే ఐదు నెలలు. ఈ ఐదు నెలలు తల్లి ఏం తిన్నదో దాన్నిబట్టే పిల్ల బరువు, కండ, చలిని తట్టుకునే శక్తి ఉంటాయి.

పిల్లకు శక్తి ఎలా అందుతుంది?

కడుపులోని పిల్లకు ముఖ్యమైన ఆహారం గ్లూకోజ్. మనుషుల్లో లాగా గొర్రెకు అది తిన్న తిండి నుంచి నేరుగా పెద్దగా రాదు. మేత మొదటి పొట్టలో పులుస్తుంది. అప్పుడు తయారయ్యే ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి తల్లి కాలేయం ఎక్కువ గ్లూకోజ్ తయారు చేస్తుంది. అది మాయ గుండా పిల్లకు చేరుతుంది.

ఏ నెలలో ఏం జరుగుతుంది?

మాయ ఎదుగుదల మొదటి మూడు నెలల్లోనే దాదాపు పూర్తవుతుంది. అప్పుడు తల్లి బాగా చిక్కిపోతే, తర్వాత ఎంత మేపినా ఆ లోటు తీరడం కష్టం. కండరాల పోగుల సంఖ్య కూడా పుట్టకముందే ఖాయమవుతుంది. పుట్టాక అవి లావెక్కుతాయే గానీ లెక్క పెద్దగా పెరగదు. ఇక పిల్ల బరువులో మూడింట రెండు వంతులు చివరి ఆరేడు వారాల్లోనే వస్తుంది.

మేత చాలకపోతే?

పిల్ల ఒంట్లో ఇన్సులిన్, ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-1 హార్మోన్ తగ్గుతాయి. ఉన్న కాస్త శక్తితో ప్రాణం నిలుపుకోవడానికి పిల్ల ఎదగడం తగ్గిస్తుంది. మూత్రపిండాల చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వు, కాలేయంలో గ్లైకోజెన్ నిల్వ కూడా తక్కువే ఉంటాయి. పుట్టగానే ఒళ్లు వెచ్చగా ఉంచేది ముఖ్యంగా ఈ కొవ్వే. అందుకే బక్క పిల్లలు చలికి తట్టుకోలేక మొదటి ఒకట్రెండు రోజుల్లోనే చనిపోతుంటాయి. తల్లికి ముర్రుపాలు కూడా తగ్గుతాయి.

కడుపులో కవలలుంటే తల్లికే ప్రమాదం. తన ఒంటి కొవ్వు కరిగించుకోవడంతో రక్తంలో కీటోన్లు పెరుగుతాయి. మేత మానేయడం, మందకు దూరంగా నిలబడడం, పళ్లు కొరకడం, చూపు ఆనకపోవడం దీని గుర్తులు. వెంటనే పశువుల డాక్టర్‌ని పిలవాలి.

అతిగా మేపినా నష్టమే

స్కాట్లాండ్‌లోని రోవెట్ పరిశోధన సంస్థలో, ఇంకా ఎదిగే వయసులోనే చూడి కట్టిన గొర్రెలను బాగా మేపి చూశారు. మేత తల్లి ఒంటికే పట్టింది. మాయ చిన్నదై, పిల్లలు తక్కువ బరువుతో పుట్టాయి.

మనం చేయాల్సింది

చివరి ఆరు వారాలు పచ్చిమేత, చొప్పతో పాటు తల్లికి రోజుకు 200 నుంచి 300 గ్రాముల దాణా పెట్టండి. ఒక్కసారే కాకుండా కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. నడుం మీద చెయ్యి వేసి చూడండి. ఎముకలు గుచ్చుకుంటే మేత చాలట్లేదు, అసలు తగలకపోతే కొవ్వు ఎక్కువైంది. బీళ్లు ఎండిపోయే ఎండాకాలంలో చూడి గొర్రెలను మంద నుంచి విడదీసి వేరుగా మేపుకుంటే మంచిది.