గుండె వాల్వ్ ఆపరేషన్ తర్వాత ఇంటికొచ్చిన మనిషి: వందేళ్ళ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక ఆపరేషన్ చరిత్ర చెప్పుకుందాం. కానీ ఆపరేషన్ థియేటర్ దగ్గరే ఆగిపోం. సినిమాల్లో చూస్తుంటాం కదా, డాక్టర్ బయటికొచ్చి మాస్క్ తీసి "ఆపరేషన్ సక్సెస్" అంటాడు, అందరూ దండం పెట్టేస్తారు, కథ అయిపోతుంది. గుండె వాల్వ్ విషయంలో అసలు కథ అక్కడే మొదలవుతుంది. డిశ్చార్జ్ కాగితాలు పట్టుకుని, ఆటో దిగి, సొంత గడప తొక్కాక ఆ మనిషి ఎన్నేళ్ళు బతికాడు? ఎలా బతికాడు? గుండెను కోయడానికి డాక్టర్లు ఎంత కష్టపడ్డారో, ఆ మనిషిని ఇంట్లో బతికించడానికి అంతకన్నా ఎక్కువ కష్టపడ్డారు. ఆ రెండో కష్టం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ఈరోజు అదే చెప్తాను.

ముందు వాల్వ్ అంటే ఏంటో రెండు ముక్కల్లో. ఊళ్ళో బావి మోటారుకి ఫుట్‌వాల్వ్ ఉంటుంది చూశారా? నీళ్ళు పైకి వెళ్ళనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. గుండెలో అలాంటివి 4 ఉంటాయి. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకున్నా, రోజుకి లక్ష సార్లు తెరుచుకుని మూసుకోవాలి. సెలవు లేదు, రిపేర్ టైమ్ లేదు.

మన దేశంలో చిన్న వయసులో వాల్వ్ పాడవడానికి పెద్ద కారణం రుమాటిక్ ఫీవర్. చిన్నప్పుడు స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే కొందరు పిల్లల్లో కీళ్ళు వాచి, జ్వరం వచ్చి, ఆ తర్వాత నెమ్మదిగా గుండె వాల్వ్‌లు గట్టిపడి అతుక్కుపోతాయి. ఇరవైల్లో, ముప్పైల్లో మెట్లెక్కితే ఆయాసం మొదలవుతుంది.

సరే, ఇప్పుడు 1925కి వెళ్దాం. మే 6, లండన్ హాస్పిటల్. హెన్రీ సూటర్ అనే సర్జన్ ముందు అతుక్కుపోయిన మైట్రల్ వాల్వ్‌తో ఒక అమ్మాయి ఉంది. ఆయన కొట్టుకుంటున్న గుండెకి చిన్న కన్నం పెట్టి, లోపలికి తన వేలు పోనిచ్చి, ఆ వేలితోనే వాల్వ్‌ని వెడల్పు చేశాడు. ఆ అమ్మాయి బతికింది, ఇంటికెళ్ళింది. మరి సూటర్ ఇంకెంతమందికి చేశాడంటారా? ఒక్కరికి కూడా కాదు. ఆ రోజుల్లో పెద్ద డాక్టర్లంతా జబ్బు గుండె కండరంలో ఉందనీ, వాల్వ్ బాగుచేస్తే లాభం లేదనీ నమ్మారు. అందుకని ఆయన దగ్గరికి ఇంకో పేషెంట్‌ని పంపనే లేదు.

అలా 20 ఏళ్ళకు పైగా గడిచిపోయాయి. 1948 జూన్ 10, ఫిలడెల్ఫియా. చార్ల్స్ బెయిలీ అనే సర్జన్ అప్పటికే ఇలాంటి ఆపరేషన్లు చేసి పేషెంట్లను పోగొట్టుకున్నాడు. తోటి డాక్టర్లు ఆయన్ని అనరాని మాటలన్నారు. ఆ రోజు పొద్దున చేసిన ఆపరేషన్‌లో కూడా పేషెంట్ చనిపోయాడు. ఈ వార్త పాకి అడ్డుపడేలోపే, మధ్యాహ్నం ఇంకో హాస్పిటల్‌లో 24 ఏళ్ళ యువతికి ఆపరేషన్ చేశాడు. ఆమె బతికింది. కొద్ది రోజులకే ఆమెను రైలెక్కించి షికాగోలో డాక్టర్ల సభకి తీసుకెళ్ళాడు. రిపోర్టులు, ఎక్స్‌రేలు చూపిస్తే ఎవరూ నమ్మరని ఆయనకి తెలుసు. నడుచుకుంటూ వచ్చిన మనిషిని చూపిస్తే కాదనేదెవరు? ఆమె ఆ తర్వాత దశాబ్దాల పాటు బతికింది.

ఇదంతా ఉన్న వాల్వ్‌ని బాగుచేయడం. పూర్తిగా పాడైతే? కొత్తది పెట్టాలి. దానికి గుండెను కాసేపు ఆపాలి. 1953లో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషిన్‌తో ఆ దారి తెరిచాడు. ఇక వాల్వ్ తయారుచేసే మనిషి కావాలి.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన పాత్ర వస్తాడు. లోవెల్ ఎడ్వర్డ్స్. డాక్టర్ కాదు, రిటైరైన ఇంజనీర్. విమానాలకి ఇంధన పంపు చేసి బాగా సంపాదించాడు. 1958లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆల్బర్ట్ స్టార్ అనే కుర్ర సర్జన్ దగ్గరికొచ్చి, "మనం కృత్రిమ గుండె చేద్దాం" అన్నాడు. స్టార్ ఆయన్ని కిందికి దించాడు: ముందు ఒక్క వాల్వ్ చేద్దాం, తర్వాత చూద్దాం. ఇద్దరూ కలిసి చేసింది చూడ్డానికి ఆటబొమ్మలా ఉంటుంది. చిన్న పంజరం, అందులో ఒక రబ్బరు బంతి. రక్తం తోస్తే బంతి పైకి లేస్తుంది, వెనక్కి రాబోతే కిందికి పడి మూసేస్తుంది.

1960లో మొదట ఒక యువతికి పెట్టారు. ఆపరేషన్ అయ్యి, ఆమె మేలుకుని మాట్లాడింది కూడా. గుండెలో మిగిలిపోయిన గాలి మెదడుకి చేరి కొన్ని గంటల్లోనే చనిపోయింది. తర్వాత సెప్టెంబర్ 21న ఫిలిప్ అమండ్‌సన్ అనే 52 ఏళ్ళ ఆయనకి పెట్టారు. ఆయన ట్రక్కులు ఎటు వెళ్ళాలో చూసే ఉద్యోగి. ఇంటికెళ్ళాడు, పదేళ్ళు బతికాడు. చివరికి ఎలా పోయాడో తెలుసా? ఇంటికి రంగు వేస్తూ నిచ్చెన మీంచి పడి. బాధాకరమే, కానీ ఒకసారి ఆలోచించండి. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి పదేళ్ళ తర్వాత నిచ్చెనెక్కి ఇంటికి రంగు వేసుకుంటున్నాడు.

మరి సమస్య తీరిపోయిందా? లేదు. మన రక్తానికి ఒక గుణం ఉంది, కొత్త వస్తువు తగిలితే గడ్డకడుతుంది. లోహం, ప్లాస్టిక్ వాల్వ్ మీద గడ్డ కడితే వాల్వ్ బిగుసుకుపోవచ్చు. ఆ గడ్డ ఊడి మెదడుకి వెళ్తే పక్షవాతం. ఇది హాస్పిటల్‌లోనే జరగాలని లేదు. ఇంట్లో, ఏ ఆరు నెలలకో, ఏ ఆరేళ్ళకో జరగొచ్చు.

దీనికి జవాబు పశువుల కొట్టంలోంచి వచ్చిందంటే నమ్ముతారా? 1920లలో కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఆవులు విచిత్రంగా చచ్చిపోయేవి. చిన్న గాయమైనా రక్తం ఆగేది కాదు. స్వీట్ క్లోవర్ అనే మేత తడిసి బూజు పట్టాక తిన్నవాటికే అలా అయ్యేది. 1933లో విస్కాన్సిన్‌లో ఒక రైతు చచ్చిన ఆవునీ, పాలక్యానులో గడ్డకట్టని రక్తాన్నీ, ఆ గడ్డినీ బండిలో వేసుకుని, మంచు తుఫానులో యూనివర్సిటీకి వచ్చాడు. అక్కడ కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన బృందం ఏళ్ళ తరబడి పనిచేసి ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకుంది. దాని వారసుడే వార్ఫరిన్. 1948లో ముందు ఎలుకల మందుగా మార్కెట్‌కి వచ్చింది. 1954లో మనుషులకి మందుగా అనుమతి వచ్చింది. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చినప్పుడు ఇచ్చిన మందుల్లో ఇదొకటి. మన దగ్గర చాలామంది వాల్వ్ పేషెంట్లు వేసుకునే ఎసిట్రోమ్ కూడా ఇదే కుటుంబంలోది.

ఈ కథ నాకెందుకు ఇంత దగ్గరంటే, మా అమ్మకి మైట్రల్ వాల్వ్ మార్చారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయ్యి ఊరికి తీసుకొచ్చిన మొదటి రాత్రి, లైట్లన్నీ ఆపేశాక, "ఒరేయ్, ఈ గడియారం ఎక్కడ పెట్టార్రా, నిద్ర పట్టట్లేదు" అంది. మా గదిలో గడియారం లేదు. అది ఆమె ఛాతీలోంచి వచ్చే శబ్దం. మెకానికల్ వాల్వ్ మూసుకున్నప్పుడల్లా టిక్‌మంటుంది. కొన్ని వారాలకి అలవాటైపోయింది. ఇప్పుడు ఆ శబ్దం వినబడకపోతేనే నాకు భయం.

ఆ మొదటి మూడు నెలలు ఎలా ఉంటాయో ఎవరూ ముందు చెప్పరు. ఛాతీ ఎముకను మధ్యలో కోసి తీగలతో కుడతారు. అది అతుక్కోవడానికి వారాలు పడుతుంది. దగ్గొస్తే దిండుని ఛాతీకి గట్టిగా హత్తుకోవాలి. బిందె ఎత్తకూడదు, చేతుల మీద బరువేసి మంచం మీంచి లేవకూడదు. చూడ్డానికొచ్చిన చుట్టాలేమో ఒక్కొక్కరు ఒక్కో పథ్యం చెప్తారు. ఒక బంధువైతే, "ఆ మాత్ర ఎలుకల మందంట, యూట్యూబ్‌లో చూశా, మానేయ్ అక్కా" అన్నాడు. ఆ రోజు అమ్మని కూర్చోబెట్టి ఆవుల కథ మొత్తం చెప్పాను. విని, "అయితే ఆవు ప్రాణం పోయి నాకు ప్రాణం పోసిందన్నమాట" అంది. మాత్ర ఏ పూటా మానలేదు.

ఆ బంధువు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, అదే ప్రమాదం. ఎలుకలకి వాడిన మాట నిజమే. తేడా అంతా మోతాదులో ఉంది. ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. మధ్యలో సన్నటి గట్టు మీద నడవాలి. ఆ గట్టు ఎక్కడుందో చెప్పేదే పీటీ ఐఎన్ఆర్ టెస్ట్. ఒకప్పుడు ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో లెక్క వచ్చేది, ఎందుకంటే టెస్టుకి వాడే రసాయనం ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. 1980లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్ఆర్ అనే ఉమ్మడి కొలత తెచ్చింది. హైదరాబాద్‌లో చేసినా ఖమ్మంలో చేసినా ఒకే భాషలో నంబర్ వస్తుంది. మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్ళకి మామూలుగా 2కీ 3.5కీ మధ్య ఉంచుతారు. ఎవరికి ఎంతనేది వాళ్ళ డాక్టరే చెప్పాలి.

అన్నట్టు, గోంగూర, పాలకూర, తోటకూర సంగతి. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఈ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. అందుకని పూర్తిగా మానేయక్కర్లేదు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. ఒక నెల అసలు ముట్టకుండా, పెళ్ళిళ్ళ సీజన్లో రోజూ గోంగూర లాగిస్తే నంబర్ తలకిందులవుతుంది.

మరి ఈ మాత్ర లేకుండా కుదరదా అని అడిగిన డాక్టర్ ఫ్రాన్స్‌లో ఉన్నాడు. అలెన్ కార్పెంటియర్. వాల్వ్ మార్చిన ఒక చిత్రకారుడికి గడ్డ మెదడుకి చేరి దెబ్బతినడం చూశాడాయన. ప్రాణం దక్కింది, బొమ్మలు గీసే బతుకు పోయింది. దాంతో పంది వాల్వ్‌ని రసాయనంతో శుద్ధి చేసి మనిషికి పెట్టే దారి పట్టాడు. ఈ టిష్యూ వాల్వ్‌లకి చాలామందిలో జీవితాంతం ఆ మాత్ర అవసరం పడదు. కానీ అవి అరుగుతాయి, చిన్న వయసులో ఇంకా త్వరగా. కొన్నేళ్ళకి మళ్ళీ మార్చాల్సి రావచ్చు. 2007లో స్టార్‌కీ కార్పెంటియర్‌కీ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు. మాత్రా, మళ్ళీ ఆపరేషనా అనే ఎంపిక ఈరోజుకీ ప్రతి పేషెంట్ ముందూ ఉంది. పిల్లల్ని కనాలనుకునే అమ్మాయిలకి ఇది ఇంకా పెద్ద ప్రశ్న, ఎందుకంటే వార్ఫరిన్ కడుపులో బిడ్డకి హాని చేయొచ్చు. వాళ్ళు గర్భం రాకముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

ఇక మన దేశం. విదేశీ వాల్వ్ ధర మామూలు కుటుంబం మోయగలిగేది కాదు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం మనమే చేద్దామని కూర్చుంది. ఒక మోడల్ విరిగింది, ఇంకోటి అరిగిపోయింది. గట్టిగా ఉంటుందని కృత్రిమ నీలంతో బిళ్ళ చేసి గొర్రెకి పెడితే అదీ పగిలింది. చివరికి గట్టి ప్లాస్టిక్ బిళ్ళతో కుదిరింది. 1990 డిసెంబర్ 6న మొదటిసారి మనిషికి పెట్టారు. ఆ తర్వాత లక్షకు పైగా చిత్ర వాల్వ్‌లు మనుషుల గుండెల్లోకి వెళ్ళాయి. ప్లాస్టిక్ బిళ్ళ కాబట్టి శబ్దం కూడా తక్కువ. తెలుగు నేల మీద 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మాల్సిందే అనుకున్న ఇళ్ళకి ఒక దారి దొరికింది.

ఇప్పుడు వందేళ్ళూ కలిపి చూడండి. సూటర్ వేలు, ఎడ్వర్డ్స్ బంతి, వలియత్తాన్ బిళ్ళ, ఇవన్నీ హాస్పిటల్ వరకు పనిచేస్తాయి. గడప దాటాక పనిచేసేది రోజూ ఒకే టైమ్‌కి వేసుకునే చిన్న మాత్ర, టెస్ట్, పక్కనున్న మనిషి. ఆ పక్కనున్న మనిషి చాలా ఇళ్ళల్లో మనమే, ఫోన్ చేతిలో ఉన్న మనమే. కాబట్టి ఫోన్లో మాత్రకి ఒక అలారం, టెస్ట్ తేదీకి ఒక అలారం పెట్టండి. పన్ను పీకించుకోవాలన్నా, నొప్పి మాత్ర, నాటు మందు ఏది వాడాలన్నా ముందు "వాల్వ్ ఆపరేషన్ అయింది" అని డాక్టర్‌కి చెప్పించండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా, నల్లటి విరేచనం అయినా, తలకి దెబ్బ తగిలినా రేపటిదాకా ఆగకండి. ఇంట్లో పిల్లలకి గొంతు నొప్పి, జ్వరం వస్తే చూపించండి. అక్కడ ఆపగలిగితే ఈ ఆపరేషనే అక్కర్లేదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో వాల్వ్ మార్పించుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. ఈరోజు వాళ్ళకి ఒక ఫోన్ కొట్టి ఒక్క మాట అడగండి: చివరిసారి ఐఎన్ఆర్ ఎప్పుడు చేయించావు, ఎంతొచ్చింది? జవాబు తడుముకుంటే, రేపు పొద్దున్నే మీరే బండి తీయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.