తపసి బంక నడిచిన దారి

పెద్దపేగు తీసేసిన రోగికి చిన్నపేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టడం సర్జన్లకు చాలాకాలంగా తెలుసు. దాంతో ప్రాణం నిలిచేది గానీ, చర్మం నిలిచేది కాదు. స్టోమా అనే ఆ రంధ్రం నుంచి కారే పలచని ద్రవంలో అన్నాన్ని అరిగించే ఎంజైములుంటాయి, అవి చుట్టూ ఉన్న చర్మాన్నీ తినేస్తాయి. ముందు దురద, ఆపైన ఎర్రదనం, చివరికి రసి కారే పుండు. తడిచర్మానికి ఆ ద్రవాన్ని పట్టే సంచి అంటదు, సంచి అంటకపోతే కారడం ఆగదు. 1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్ స్టోమా చుట్టూ కరాయా అనే బంకపొడి వాడాడు. అది తడిని పీల్చి ఉబ్బి, మెత్తని జిగటగా మారి, పచ్చిచర్మాన్ని కప్పి పట్టుకుంది. వైద్యచరిత్ర ఈ కథను అక్కడే మొదలుపెడుతుంది. నా మటుకు నాకు అది సగం నుంచి మొదలైన కథ.

కరాయా అంటే మన తపసి బంక. శ్రీశైలం చుట్టూ నల్లమల రాతివాలుల్లో, ఎండాకాలం ఆకు రాల్చి తెల్లటి బెరడుతో నిలబడే చెట్టు అది. మల్లన్నను అల్లుడంటూ చెంచు మల్లయ్యగా కొలిచే చెంచులు బెరడుకు గాటు పెట్టి, కారి గట్టిపడిన ముద్దలను ఏరుకొస్తారు. ముద్ద విరిస్తే సన్నగా పులుపువాసన. వానలకు ముందు, ఎండ ముదిరిన నెలల్లో దిగేదే మేలిరకం. బెరడుపేళ్లు ఏరేసి, రంగును బట్టి వేరుచేసిన బంకనే గిరిజన సహకార సంస్థ మంచి ధరకు కొంటుంది. ఈ సంస్థ పుట్టింది 1956లో, అంటే అక్కడ అమెరికాలో రోగుల పొట్టల మీద ఈ పొడి పనిచేస్తున్న దశాబ్దంలోనే.

బంక ఏరడం వేరు, వైద్యం కనిపెట్టడం వేరనొచ్చు. నిజమే, టర్న్‌బుల్ చూపు టర్న్‌బుల్‌దే. కానీ పుండు మీద చల్లే పొడిలో బెరడునలుసు ఉండకూడదు, ఆ శుభ్రత మొదలయ్యేది అడవిలో ఏరే చేతుల్లోనే. బొంబాయి గోదాముల్లో మన బంక మధ్యప్రదేశ్, గుజరాత్ సరుకుతో కలిసిపోయేదన్న మాటా నిజమే. అందుకే కీర్తి చెంచులొక్కరిదే అనను, ఆ ప్రాంతాల గిరిజనులకూ అందులో పాలుంది. ఇక 1970ల నుంచి పెక్టిన్, జెలటిన్ కలిపిన కొత్త పట్టీలు దీన్ని పక్కకు నెట్టేశాయి కదా అంటే, అందుకు కారణాలున్నాయి: కరాయా వేడికి మెత్తబడి జారుతుంది, మూత్రానికి కరుగుతుంది, దానిలోని ఆమ్లగుణం వల్ల పుండుపడ్డ చోట మంట పెడుతుంది. కర్నూలు ఎండల్లో అది మరీ పెద్ద లోపం. అయినా తడిని పీలుస్తూనే చర్మాన్ని అంటిపెట్టుకునే పూత సాధ్యమని ముందు చూపింది ఈ బంకే. కొత్త పట్టీలు పట్టుకున్నదీ ఆ సూత్రాన్నే.

బంకకు పెరిగిన గిరాకీకి మూల్యం చెల్లించింది చెట్టు. ఎక్కువ బంక కోసం గొడ్డలితో లోతుగా నరికిన తపసి చెట్లు ఎండిపోయాయి. చిన్న గాటుతో, బెరడు మళ్లీ పూడుకునేలా బంక తీయడం గిరిజనులకు నేర్పే శిక్షణలు ఆ తర్వాతే వచ్చాయి.