జబ్బు రాకముందే చేసే రొమ్ము ఆపరేషన్

నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా, రొమ్ములో గడ్డ ఉందని వచ్చిన మనిషిని డాక్టరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇది వచ్చిందా? చాలామంది అమ్మనీ అమ్మమ్మనీ తలుచుకుని లేదనేస్తారు. నాయనమ్మా మేనత్తా లెక్కలోకి రారు. ఆడవాళ్ళ జబ్బు గనుక అమ్మ వైపు నుంచే వస్తుందనుకుంటాం. కానీ రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపం తండ్రికి ఉన్నా బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం. ఏ జబ్బూ లేని నాన్న నుంచి కూడా అది కూతురికి రావచ్చు.

ఈ జన్యువులు బయటపడక ముందు కూడా, తల్లీ పిన్నీ ఇదే జబ్బుతో పోయారన్న భయంతో రొమ్ములు తీయించుకున్నవాళ్ళున్నారు. అసలు రొమ్ము తీయడమంటే ఒకప్పుడు ఛాతీ కండరాలతో, చంకలోని గ్రంథులతో సహా తీసేయడమే. 1894లో బాల్టిమోర్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. ఎంత ఎక్కువ కోస్తే అంత మేలన్న నమ్మకం దశాబ్దాలు నడిచింది. సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ బృందం 1971లో ఒక అధ్యయనం మొదలుపెట్టి, 1,600 మందికి పైగా స్త్రీలను పాతికేళ్ళు గమనించింది. కండరాలు కోసినందువల్ల ఆయుష్షు పెరగలేదని తేలింది. అప్పటికే ఎంతమంది చెయ్యి వాచి, ఛాతీ గుంట పడి బతుకు వెళ్ళదీశారో తలుచుకుంటే బాధేస్తుంది.

తీసిన చోట మళ్ళీ రొమ్మును నిలబెట్టే ప్రయత్నమూ పాతదే. 1895లో హైడెల్‌బర్గ్‌లో చెర్నీ అనే సర్జన్, రోగి వీపు మీదున్న కొవ్వుగడ్డనే తీసి అక్కడ అమర్చాడు. 1962లో హ్యూస్టన్‌లో సిలికాన్ ఇంప్లాంట్ వచ్చింది. 1982లో హార్ట్రాంఫ్ అనే సర్జన్ పొట్ట చర్మాన్నీ కొవ్వునూ కండరంతో పాటు పైకి తెచ్చి రొమ్ముగా మలిచే పద్ధతి చూపించాడు. ఆ తర్వాతి తరం సర్జన్లు కండరాన్ని పొట్టలోనే వదిలి, సన్నని రక్తనాళాలను మైక్రోస్కోపు కింద కలపడం నేర్చారు. మిరప కోతలకు వంగి, బస్తాలెత్తే పల్నాటి మనిషికి ఇది చిన్న తేడా కాదు. కండరం పోతే పొట్ట బలహీనపడుతుంది, హెర్నియా రావచ్చు. ఇంప్లాంట్‌కైతే కోత చిన్నది, కానీ అది జీవితాంతం ఉండేది కాదు. చుట్టూ పొర గట్టిపడి, మళ్ళీ ఆపరేషన్ అవసరం కావచ్చు.

ఇక జన్యువుల సంగతికొస్తే, 1990లో జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ వాటిలో ఒకటి పదిహేడో క్రోమోజోములో ఉందని చూపించింది. 1994లో బీఆర్‌సీఏ 1, మరుసటేడు బీఆర్‌సీఏ 2 దొరికాయి. వీటిలో లోపమున్న స్త్రీకి ఎనభై ఏళ్ళ లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు 70 శాతం. ముందే తీయిస్తే ఎంత మేలన్నది 1999లో అమెరికాలోని మేయో క్లినిక్ చెప్పింది. 1960 నుంచి 1993 దాకా ఆపరేషన్ చేయించుకున్న 639 మందిని సుమారు పద్నాలుగేళ్ళు గమనిస్తే, ముప్పు 90 శాతం దాకా తగ్గింది. చర్మం కింద, చంక దగ్గర కొంత కణజాలం మిగులుతుంది గనుక ముప్పు పూర్తిగా పోదు.

ఆ స్త్రీలు ఏమనుకుంటున్నారో మరుసటేడు అదే ఆసుపత్రి వెల్లడించింది. 70 శాతం తృప్తిగా ఉన్నామన్నారు, 74 శాతానికి క్యాన్సర్ బెంగ తగ్గింది. 19 శాతానికి తృప్తి లేదు. తమ శరీరం తమకు నచ్చడం తగ్గిందన్నవాళ్ళు మూడో వంతు పైనే. చర్మానికి స్పర్శ చాలావరకు పోతుంది, బిడ్డకు పాలివ్వడం కుదరదు. ఈ లెక్కలన్నీ ఆపరేషన్‌కు ముందే, భర్తకో అన్నకో కాకుండా ఆమెకే చెప్పాలి.

2013లో హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ తన ఆపరేషన్ గురించి రాశాక మన దగ్గరా ఈ మాట వినబడింది. అంతకుముందే, 2007లో డాక్టర్ రఘురామ్ హైదరాబాద్ కిమ్స్‌లో రొమ్ము జబ్బులకే ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టారు. దానికి క్యాన్సర్‌ను గెలిచిన తన తల్లి ఉషాలక్ష్మి పేరే పెట్టారు. పల్నాడు వాళ్ళకు దగ్గర్లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది.

లోపమున్నా ఆపరేషన్ తప్పనిసరి కాదు. ఏటా ఎంఆర్ఐ, ముప్పై దాటాక మామోగ్రామ్‌తో కనిపెట్టుకుని ఉండొచ్చు. జన్యుపరీక్ష వీలైతే ముందు జబ్బు వచ్చిన మనిషికే చేస్తారు. ఆమెలో ఏ లోపముందో తెలిస్తే, కూతుళ్ళలో, మేనకోడళ్ళలో దేన్ని వెతకాలో తెలుస్తుంది.