మూడు తెరలు - ఒక పొందిక



సముద్రలంఘనవేళ సురస తన్ను మ్రింగ నోరు తెఱచినపుడు హనుమంతుడు తొలుత ఆ నోటికి మించి పెరిగెను. పిమ్మట బొటనవ్రేలంత రూపము దాల్చి, దానిలో జొచ్చి వెలువడెను. రూపములు మాఱినను శక్తి యొక్కటియే. ఫోను, టాబ్లెట్టు, కంప్యూటరు అను మూడు యంత్రముల తెరలకు ఒకే పొందికను గూర్పబూనిన వారు గోరినది ఇట్టి సామర్థ్యమే. ఆ యత్నము నడచిన తీరును నేడు విన్నవించెదను.

తెరపై కిటికీలు తెఱచి, మౌసుతో బాణపుగుర్తును నడపు పద్ధతి, అమెరికాలో జిరాక్సు సంస్థవారు 1973లో నిర్మించిన ఆల్టో యంత్రముపై పెంపొందెను. 1984లో ఆపిల్ వారి మెకింటాషు దానిని జనసామాన్యమునకు జేర్చెను. ఆ బాణపు మొన మిక్కిలి సన్ననిది. ఎంత చిన్న గుర్తునైనను తప్పక ముట్టగలదు. 2007లో ఐఫోను, 2010లో ఐప్యాడు వచ్చి బాణమునకు మాఱుగా వ్రేలిని నిలిపినవి. వ్రేలు మొద్దు, తాను ముట్టు గుర్తును తానే కప్పివేయును. కావున చిక్కు తెర కొలతలో మాత్రమే లేదు. తెరను ముట్టు సాధనమే వేఱు.

ఈ భేదమును మఱచిన ఫలమును మైక్రోసాఫ్టు వారు రెండు దిక్కులనుండి చవిచూచిరి. 1996లో విండోస్ సీఈ పేరిట, పెద్ద తెరమీది స్టార్ట్ బొత్తమును, పట్టీని అట్లే అఱచేతి యంత్రములకు దించిరి. అది ఏనుగు నగలను లేడికి దొడిగినట్లయ్యెను. 2012 అక్టోబరులో వెలువడిన విండోస్ 8లో దీనికి విపర్యాసము జరిగెను. వ్రేలికి దగిన పెద్ద పలకలను మౌసువాడు వారి యెదుటను నిలిపి, చిరపరిచితమైన స్టార్ట్ బొత్తమును దొలగించిరి. జనులు సణిగిరి. 2013లో బొత్తమును, 2015లో విండోస్ 10తో మెనూను వారు మరల తేక తప్పలేదు. ఒకే ముఖమును అన్నిటికి తగిలించుట ఐక్యము కాదని ఈ రెండు అనుభవములును దెలుపుచున్నవి.

ఇంతకంటె సూక్ష్మమైన యోచన దక్షిణాఫ్రికాలో జన్మించిన మార్క్ షటిల్‌వర్త్ అను నాయనది. ఆయన 2004లో స్థాపించిన కెనానికల్ సంస్థ, ఎవరైనను వెలలేక గ్రహింపదగిన ఉబుంటు వ్యవస్థను వెలువరించెను. 2010లో చిన్న తెరల నెట్‌బుక్కులకై వారు కల్పించిన పొందికకు యూనిటీ అని పేరు, అనగా ఐక్యము. 2011 అక్టోబరులో, ఈ ఉబుంటునే ఫోనులకును టాబ్లెట్టులకును గొనిపోవుదుమని ప్రకటించిరి. వారి సూత్రమిది: ఫోనులో ప్రోగ్రాము తెరనంతయు నిండును, టాబ్లెట్టుపై రెండవ ప్రోగ్రాము ప్రక్కన సన్నని పట్టెగా నిలుచును, మౌసును కీబోర్డును తగిలించినంతనే అదే ప్రోగ్రాము చట్రము గల కిటికీయై మాఱును. యంత్రము తన యెదుటనున్న సాధనమును గుర్తించి రూపము మార్చుకొనును. పని మాత్రము తెగదు.

2013 జూలైలో, పెద్ద తెరకు తగిలించినంతనే కంప్యూటరగు ఉబుంటు ఎడ్జ్ అను ఫోనుకై ప్రజల నుండి మూడు కోట్ల ఇరువది లక్షల డాలర్లు కోరిరి. ముప్పది దినములలో సుమారు కోటి ఇరువదియెనిమిది లక్షలకు మాత్రమే మాట దొరకెను. నియమానుసారముగా ఆ ధనము దాతలకే చెందెను. 2015లో స్పెయిను దేశపు బీక్యూ సంస్థ ద్వారా ఉబుంటు ఫోనును, 2016లో టాబ్లెట్టును విపణికి వచ్చినవి. కాని ఇల్లు కట్టినంతమాత్రమున సంసారము నడవదు గదా! వాట్సాప్ వంటి నిత్యావసరపు ప్రోగ్రాముల కర్తలు ఆ యింట అడుగిడలేదు. 2017 ఏప్రిల్ 5న షటిల్‌వర్త్ ఆ ప్రయత్నమును విరమించి, లోకము దీనిని ఆదరించునని తాను తలచుట పొరపాటని బాహాటముగా ఒప్పుకొనెను. కోట్లు వెచ్చించినవాడు తన తప్పును తానే చెప్పుట అరుదు.

అయినను బీజము నశింపలేదు. విడిచిన పనిని యూబీపోర్ట్స్ అను స్వచ్ఛందసేవకులు చేపట్టిరి. యూనిటీ ఎనిమిదవ రూపమునకు 2020లో లొమిరి యని పేరు మార్చి నడపుచున్నారు. అదే సూత్రము వేఱొక త్రోవను జయించెను. 2010లో ఈథన్ మార్కాట్ అనునతడు, తెర వెడల్పునుబట్టి తనంత తానే సర్దుకొను వెబ్‌పుటల పద్ధతిని వివరించెను. నేడు మనము ఫోనులో చదువు పుటలు పెక్కులు ఆ మార్గమున నడచునవే.

ఈ చరిత్ర మనకేల యందురా? మన పల్లెలలో పెక్కుమంది పిల్లలకు చేతనున్న కంప్యూటరు ఫోను ఒక్కటియే. దానిని పెద్ద తెరకు తగిలించి వ్యాసము వ్రాయగలిగినచో, రెండవ యంత్రము కొనలేని యింట చదువు ఆగదు. ఒక ఒఱలో రెండు కత్తు లిమడవన్న మాట నిజమే. కాని ఒకే కత్తికి అవసరము కొలది రెండు పిడులు అమర్చుకొనవచ్చును. ముఖములు వేఱైనను పని యొకటి కావలెను. హనుమంతుడు చిన్నవాడైనది గమ్యమును జేరుటకే గాని, చిన్నవాడుగ మిగులుటకు గాదు.