గోలకొండ వజ్రములు, లివోర్నో పగడములు

చంపావతీతీరమునందలి గజపతినగరమువంటి యూరివారికి యూదుల చరిత్రతో నేమి సంబంధమని యెవరైన నడిగినచో, మన ముత్తైదువులు మంగళసూత్రమున గ్రుచ్చుకొను పగడమును జూపి సమాధానము చెప్పవచ్చును. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దులలో ఆ పగడము మధ్యధరాసముద్రగర్భమున పుట్టి, ఇటలీలోని లివోర్నో రేవున పూసగా మలచబడి, లండను మీదుగా ఓడలపై మదరాసునకు చేరుచుండెను. ఆ వర్తకమును నడపినవారిలో ప్రముఖులు, స్పెయిను, పోర్చుగలు దేశములనుండి మతద్వేషముచే తరుమబడి లివోర్నో, ఆంస్టర్‌డాము, లండను నగరములలో తలదాచుకొనిన యూదులు. పగడమునకును వెండికిని మారుగా వారిచ్చటనుండి కొనిపోయినది గోలకొండ వజ్రము.

కృష్ణాతీరమున కొల్లూరు గనిలో స్త్రీలు, పురుషులు, బాలురు కలిసి అరువదివేలమంది పాటుపడుచుండిరని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసిపెట్టెను. ఆ గనులకు దారి వెదకుకొనుచు వచ్చిన యూదులలో జాక్ ద పైవా యొకడు. అతడు మదరాసున స్థిరపడి, గనుల ప్రాంతమునకు స్వయముగా పోయి, 1687లో మరణించెను. అదే యేట గోలకొండ ఔరంగజేబు వశమైనది. మరుసటి సంవత్సరము, 1688లో, మదరాసు నగరపాలకసంస్థ యేర్పడినప్పుడు దాని ఆల్డర్మనులనబడు సభ్యులలో ముగ్గురు యూద వర్తకులుండిరి. ఆ సభలోనే చిన వెంకటాద్రి, ముద్దు వీరన్న మున్నగు మనవారును కూర్చుండిరి. తమ పూర్వులను వెడలగొట్టిన యూరోపునందు పెక్కు నగరములలో నాటికి పౌరులుగానైన నెన్నబడని జనులకు, తెలుగు వర్తకుల సరసన నగరపాలనలో పీఠము లభించుట సామాన్యమైన విషయము కాదు. మన పాఠ్యగ్రంథములలో దీనికి ఒక్క వాక్యమైనను లేకుండుట నాకు మిక్కిలి ఖేదము కలిగించుచున్నది.

ఈ వృత్తాంతము నొక్క శాస్త్రజ్ఞుడు ఒంటిగా వ్రాయజాలడు. కుంఫిణీ దస్తావేజులు ఆంగ్లమునను, వర్తకుల ఉత్తరములు పోర్చుగీసునను, సుల్తానుల ఫర్మానాలు పారసీకమునను, ఊళ్ల కైఫీయతులు తెలుగునను ఉన్నవి. పగడపు ధర తెలియుటకు అర్థశాస్త్రము, వర్తకుని వివాహసంబంధములు తెలియుటకు ధర్మశాస్త్రము వలయును. యూద అధ్యయనము పలు శాస్త్రముల కూడలియై పెరుగుటకు ఇట్టి సామగ్రియే కారణము. 1818లో లియోపోల్డు త్సూంజు అను యువకుడు యూద వాఙ్మయమును సమగ్రముగా పరిశోధింపవలెనని బెర్లినులో నొక ప్రబంధము ప్రకటించెను. మరుసటి యేట మిత్రులతో కూడి యొక సంఘము స్థాపించెను. ఈ విద్యకు బెర్లిను విశ్వవిద్యాలయమున ఆచార్యపీఠ మొకటి యేర్పరుపుమని 1848లో అతడు కోరగా ప్రభుత్వము నిరాకరించినది. అటుపిమ్మట 1896–97లో సాలొమన్ షెక్టర్ కైరోనగరపు యూద ప్రార్థనాలయమున పోగుపడియున్న జీర్ణపత్రములను కేంబ్రిడ్జికి చేర్చెను. ఆ పత్రములనుండియే గోయిటైన్ పండితుడు మంగళూరున కాపురముండిన పండ్రెండవ శతాబ్దపు యూదవర్తకుని లేఖలను వెలికితీసి, హిందూమహాసముద్ర వాణిజ్యమునకు క్రొత్త చరిత్ర కల్పించెను. మదరాసు యూదులను గూర్చి వాల్టర్ ఫిషెల్ 1960లో సవిస్తరముగా వ్రాసెను. జర్మనీలో పుట్టి, జెరూసలేమున బోధించి, కాలిఫోర్నియా చేరిన యా పండితుడు మన తీరమును గూర్చి అంత శ్రద్ధ వహించినందులకు మనము ఋణపడియున్నాము.

వర్తకమునకంటె నన్ను ఆకర్షించునది సర్మదు వృత్తాంతము. పారసీకదేశమున కాషానునందు యూదకుటుంబమున పుట్టి, ఇస్లాము స్వీకరించి, వర్తకుడై సింధుదేశమునకు వచ్చి, అచ్చట అభయచందు అను హిందూయువకుని ప్రేమించి సర్వమును విడిచి దిగంబరుడైన యీ కవి, 1647లో అబ్దుల్లా కుతుబ్‌షా యేలుబడిలో హైదరాబాదునందుండెను. సకలమతములను వర్ణించు దబిస్తాను గ్రంథకర్త అతనిని ఇచ్చటనే కలిసికొని, యూదమతాధ్యాయమునకు వలసిన విషయములను అతనినుండి గ్రహించెను. అభయచందు పారసీకమున అనువదించిన ఆదికాండపు తొలిభాగమును అందు చేర్చెను. జన్మచే యూదుడు, శిష్యుడు హిందువు, భాష పారసీకము, స్థలము తెలుగునేల! ఇట్టి సంగమమును గూర్చి మన చరిత్రకారులు ఇంకను ఎంతయో వ్రాయవలసియున్నది. పిమ్మట సర్మదు ఢిల్లీకి పోయి మొగలు రాకుమారుడు దారాషికోకు ఆప్తుడై, ఔరంగజేబు ఆజ్ఞచే శిరశ్ఛేదము నొందెను.

ఉత్తరాంధ్రమునకు హెబ్రీయుల కథలు చేరినది వేరొక మార్గమున. 1805లో విశాఖపట్టణమున దిగిన క్రాన్, డే గ్రాంజ్ అను మిషనరీలు ఆనందరాయరను పండితుని తోడ్పాటుతో సువార్తలను తెనిగింపగా, వానిలో మూడు 1812లో వంగదేశపు శ్రీరామపురమున అచ్చుపడినవి. అబ్రాహాము, మోషే, దావీదు పేర్లు ఈ ప్రాంతపు పల్లెలకు క్రైస్తవుల పేర్లుగానే పరిచయమగుటచేత, ఆ పేర్లకు మూలమైన యూదజనులు నేటికిని సజీవులై యున్నారని తలచువారు అరుదైరి.

అట్లు తలచినవారు గుంటూరుమండలమున చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున కలరు. పూర్వము బాప్టిస్టులైన మాదిగకుటుంబములు కొన్ని తాము ఎఫ్రాయిము గోత్రపు ఇశ్రాయేలీయుల సంతతియని ప్రకటించి, 1990వ దశకపు తొలినాళ్లలో ప్రార్థనాలయము నెలకొల్పుకొని, సబ్బాతు నాచరించుచున్నవి. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అను మానవశాస్త్రజ్ఞులు వారిమధ్య మెలగి 2013లో ఆంగ్లమున నొక గ్రంథము ప్రకటించిరి. ఆ కుటుంబముల వంశకథ సత్యమా కాదా యని తీర్పుచెప్పుటకు వారు పూనుకొనలేదు; కులావమానము నెరిగిన జనులు తమ పూర్వచరిత్రను తామే యేల తిరిగి వ్రాసికొనిరో పరిశీలించిరి. ఆ కుటుంబములు ఇంట మాటలాడు భాష తెలుగు. వారి పెద్దల జ్ఞాపకములు, పాటలు, సామెతలు తెలుగుననే యున్నవి. వానిని తెలుగు తెలిసి హెబ్రీ నేర్చినవారు, పెద్దలు జీవించియుండగనే, వారి గడపయొద్ద కూర్చుండి వ్రాసికొనవలసియున్నది.