కోడిపెట్ట నేర్పిన మ్యాప్

ఈ ఎపిసోడ్‌ని నా పరువు నేనే తీసుకుని మొదలుపెడతాను.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు రెండేళ్ల పాటు ఒక డెలివరీ యాప్‌లో మ్యాప్ స్క్రీన్ మీద పనిచేశాను. ఆర్డర్ పెట్టాక బండి బొమ్మ కదులుతుంది కదా, అది పక్కింటి గోడలోంచి కాకుండా రోడ్డు మీదే వెళ్లేలా చూడటం నా పని. అలాంటి నేను, పోయిన సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్తూ, తణుకు దాటాక ఫోన్ ఛార్జింగ్ అయిపోయి కాలవ గట్టు మీద దారి తప్పాను. చిన్నప్పటి నుంచి కనీసం ముప్పైసార్లు వెళ్లిన ఊరండీ అది! చివరికి ఒక టీ కొట్టాయన, బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి గీసి చూపించారు. ఇదిగో కాలవ, ఇవి లాకులు, ఇక్కడ రామాలయం, దాని పక్కనుంచి ఎడమకి. ఒక్కసారికే బుర్రకెక్కింది.

ఇంటికెళ్లాక ఈ కథంతా మా అక్క కూతురికి చెప్పాను. దానికి ఐదేళ్లు. అంతా విని, "మామయ్యా, మీ స్కూల్లో మ్యాప్ చెప్పలేదా?" అంది.

చెప్పారు. టెన్త్ సోషల్‌లో మ్యాప్ పాయింటింగ్ అని ఉండేది. గోదావరి ఎక్కడ, థార్ ఎడారి ఎక్కడ, చుక్క పెట్టి పేరు రాయాలి. నాకు ఫుల్ మార్కులే వచ్చేవి. కానీ "మీ ఇంటి నుంచి స్కూలుకి దారి గీయరా" అని పదేళ్లలో ఒక్కరూ అడగలేదు. అసలు చిన్నపిల్లలకి మ్యాప్ ఎక్కడ మొదలుపెట్టాలి అనే దాని మీద 250 ఏళ్లుగా గొడవ నడుస్తోందని నాకు మొన్నటిదాకా తెలీదు. తవ్వుకుంటూ వెళ్తే ఆ కథలో ఒక కోడిపెట్ట కూడా దొరికింది.

1762కి వెళ్దాం. రూసో అనే ఆయన 'ఎమీల్' అని ఒక పుస్తకం రాశాడు, ఒక ఊహా పిల్లాడిని ఎలా పెంచాలో చెబుతూ. భూగోళం దగ్గరికి వచ్చేసరికి ఆయన అనేదేంటంటే, పిల్లాడి భూగోళం వాడుండే ఊరితో మొదలవ్వాలి. ఇంకో కొసన వాళ్ల నాన్నగారి పల్లెటూరి ఇల్లు. ముందు ఈ రెండే గీయాలి, అదీ వాడే గీయాలి. మధ్యలో ఉన్నవి తెలిసేకొద్దీ కలుపుకుంటూ పోవాలి. మ్యాప్‌లో తప్పులున్నా పర్లేదు, మ్యాప్ అంటే ఏంటో వాడికి అర్థమైతే చాలు. 1762లో ఈ ఆలోచన! (ఇదే పెద్దమనిషి సొంత పిల్లల్ని పుట్టగానే అనాథాశ్రమంలో వదిలేశాడు. అది వేరే ఎపిసోడ్.)

అదే దశాబ్దంలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన మ్యాప్‌ని చెక్కకి అతికించి, దేశాల సరిహద్దుల వెంబడి కోసి, పిల్లలు జోడించుకునే ఆటవస్తువుగా అమ్మాడు. ఇవాళ మనం ఆడే జిగ్‌సా పజిల్‌కి మూలం అదే అంటారు. సరదా వస్తువే. కానీ తేడా చూడండి. రూసో ఇంటి గుమ్మంలో మొదలుపెట్టాడు. స్పిల్స్‌బరీ ఎవరో గీసేసిన గీతల్ని పిల్లల చేతికిచ్చాడు. స్కూళ్లు మాత్రం ఎక్కువగా రెండో దారే పట్టాయని నేనంటాను. నా మ్యాప్ పాయింటింగ్ దానికి మునిమనవడే.

మళ్లీ గుమ్మం దగ్గర మొదలుపెట్టిన వాళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి లూసీ స్ప్రేగ్ మిచెల్. 1916లో న్యూయార్క్‌లో పిల్లల చదువు మీద ప్రయోగాలు చేసే సంస్థ ఒకటి పెట్టారు. అదే తర్వాత బ్యాంక్ స్ట్రీట్ కాలేజీ అయింది. అప్పట్లో చిన్నపిల్లల కథలంటే రాజులు, మంత్రగత్తెలు, అనగనగా అడవులు. ఈవిడ 1921లో వేసిన కథల పుస్తకంలో మాత్రం పిల్లాడు రోజూ చూసే, వినే సంగతులే కథలు. 'హియర్ అండ్ నౌ', అంటే ఇక్కడ, ఇప్పుడు అని దాని పేరు. 1934లో 'యంగ్ జియోగ్రాఫర్స్' అని ఇంకో పుస్తకం రాశారు. చెక్క దిమ్మలతో వీధి కట్టుకుని ఆడే పిల్ల అప్పటికే భూగోళం చదువుతున్నట్టే అన్నది అందులో ఒక ముఖ్యమైన మాట. ఆలోచించండి, నేల మీద పరిచిన దిమ్మల్ని ఆ పిల్ల పైనుంచే కదా చూస్తుంది? మ్యాప్ అంటే అదే కదా!

1943లో వర్జీనియా లీ బర్టన్ బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది. అందులో హీరోయిన్ కేటీ అనే ఎర్ర ట్రాక్టర్. ఊరంతా మంచుతో మూసుకుపోతే ఒక్కో దిక్కుకీ దారి తవ్వుకుంటూ వెళ్తుంది. పుస్తకంలో ఊరి మ్యాప్ ఉంటుంది, కట్టడాలకి అంకెలుంటాయి, దిక్కుల గుర్తు ఉంటుంది. పిల్లలు కేటీ వెంట పడతారు, దిక్కులు వాటంతటవే వచ్చేస్తాయి.

ఇంత జరిగాక ఒక పెద్ద బ్రేక్ పడింది. స్విట్జర్లాండ్‌లో జాన్ పియాజే, బార్బెల్ ఇన్‌హెల్డర్ కలిసి 1948లో ఒక ప్రయోగం గురించి రాశారు. బల్ల మీద మూడు కొండల నమూనా పెట్టి, అవతలి వైపు ఒక బొమ్మని కూర్చోబెట్టి, "ఆ బొమ్మకి ఏం కనిపిస్తోంది?" అని పిల్లల్ని అడిగారు. ఎదురుగా ఉన్న ఫోటోల్లోంచి ఒకటి తీయాలి. చిన్నపిల్లలు తమకి కనిపించేదే తీశారు. అంటే ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలు ఇంకొకరి చోటునుంచి చూడలేరని తేల్చారు. మరి తన చోటు వదిలి చూడలేని పిల్లకి, పైనుంచి చూసే మ్యాప్ ఏం అర్థమవుతుంది? ఆగండి, పెద్దయ్యాక చూద్దాం, అనుకోవడానికి ఇదొక పెద్ద సాకు అయింది.

దీన్ని రెండు పరిశోధనలు కదిలించాయి. ఒకటి 1970లో. జేమ్స్ బ్లాట్ అనే భూగోళ శాస్త్రవేత్త, ఆయన టీమ్ అమెరికాలో, ప్యూర్టోరికోలో అప్పుడే బళ్లో చేరిన పిల్లలకి విమానం నుంచి నిట్టనిలువుగా తీసిన ఫోటోలు చూపించారు. ఎవరూ నేర్పలేదు. అయినా పిల్లలు ఇళ్లు, రోడ్లు గుర్తుపట్టారు. ఎలా? బొమ్మ కార్లు, బొమ్మ ఇళ్లతో ఆడేటప్పుడు వాటిని పైనుంచే చూస్తారు కాబట్టి అని బ్లాట్ వివరణ. మిచెల్ గారి చెక్క దిమ్మలు గుర్తొచ్చాయా?

రెండోది నాకు ఇంకా ఇష్టం. 1975లో మార్టిన్ హ్యూస్ అనే పరిశోధకుడు కొండలు తీసేసి దొంగా పోలీసు ఆట పెట్టాడు. అడ్డగోడలు, ఇద్దరు పోలీసు బొమ్మలు, ఒక అబ్బాయి బొమ్మ. "పోలీసులకి కనపడకుండా వీణ్ణి దాచు" అన్నాడు. మూడున్నర నుంచి ఐదేళ్ల పిల్లలు! 90 శాతం సమాధానాలు కరెక్ట్. ఇంకొకరి కళ్లతో చూడటం పిల్లలకి వచ్చు. కొండలెందుకు చూడాలో వాళ్లకి తెలీదు. పోలీసుల నుంచి ఎందుకు దాక్కోవాలో బాగా తెలుసు. కథ ఉండటమే తేడా.

ఇప్పుడు మన కోడిపెట్ట. 1968లో పాట్ హచిన్స్ అనే బ్రిటిష్ చిత్రకారిణి వేసిన మొదటి పుస్తకం 'రోజీస్ వాక్'. మొత్తం 32 ఇంగ్లిష్ పదాలు, ఒకటే వాక్యం. రోజీ అనే పెట్ట రైతు పొలంలో షికారుకెళ్లి భోజనం వేళకి గూటికి చేరుతుంది, అంతే. కానీ బొమ్మల్లో దాని వెనకాలే ఒక నక్క ఉంటుంది. ఆ నక్క మాట అక్షరాల్లో ఎక్కడా రాదు! పెట్టకి తెలీదు, చదివే పెద్దవాళ్ల నోట రాదు, చూసే పిల్లలకి మాత్రమే తెలుసు. ఒకచోట నక్క ముక్కు పగులుతుంది, ఒకచోట నెత్తిన పిండి పడుతుంది, చివర్లో తేనెటీగలు తరుముతాయి.

నవ్వుకుంటూ పిల్ల ఏం నేర్చుకుంటుందో చూడండి. చుట్టూ, మీదుగా, పక్కగా, లోంచి, కిందుగా. టీ కొట్టాయన నాకు చెప్పిన మాటలు కూడా ఇవే కదా. పైగా మొదట్లోనే పొలమంతా ఒకే బొమ్మలో కనిపిస్తుంది. కథయ్యాక వెనక్కి తిప్పి, పెట్ట ఏ దారిలో వెళ్లిందో వేలితో గీయొచ్చు. అందుకే చాలా దేశాల్లో టీచర్లు మ్యాప్ పాఠం ఈ పుస్తకంతో మొదలుపెడతారు. పియాజే ఆగమన్న వయసులో ఉన్న పిల్లలు పెట్ట దారి గీస్తున్నారు.

మన దగ్గర అసలేం లేదా అంటే, ఉంది. 2006లో వచ్చిన ఎన్సీఈఆర్టీ మూడో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠమే ఒక వస్తువు పక్కనుంచి ఎలా ఉంటుంది, పైనుంచి ఎలా ఉంటుంది అని ఉండేది. అదే పాఠంలో చుక్కల ముగ్గులు కూడా ఉండేవి. ఇది చూసి నాకు గట్టిగా తగిలింది. వాకిట్లో ముగ్గు చూస్తూ పెరిగిన పిల్లకి పైనుంచి చూడటం కొత్తా? తొక్కుడు బిళ్ళ గీసేది పైనుంచే. బొమ్మల కొలువులో ఇసుకతో ఊరు కట్టి, బావి, బండి, గుడి పెట్టేదీ పైనుంచే. సరుకంతా ఇంట్లోనే ఉంది, దాన్ని మ్యాప్ అని ఎవరూ పిలవలేదు.

అయితే ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు బాస్ అంటారా? ఫోన్‌లో మనం ఎప్పుడూ మధ్యలోనే ఉంటాం, మనం తిరిగితే లోకమే తిరుగుతుంది. కొండల దగ్గర కూర్చున్న పిల్లాడి లాగా, మనకి కనిపించేదే చూస్తున్నాం. 2008లో జపాన్ పరిశోధకులు కొందరిని జీపీఎస్‌తో, కొందరిని కాగితం మ్యాప్‌తో నడిపించారు. జీపీఎస్ వాళ్లు ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు. తర్వాత దారి గీయమంటే సరిగ్గా గీయలేకపోయారు. ఆ స్క్రీన్ మీద పనిచేసిన వాడిగా నాకిది కొంచెం గుచ్చుకుంది.

సరే, మా మేనకోడలికి రోజీ కథ తెలుగులో చెప్పాను. నక్క వచ్చినప్పుడల్లా అరుపులు. తర్వాత కాగితమిచ్చి ఇంటి నుంచి కిరాణా కొట్టు దాకా గీయమన్నాను. గీసింది. మా ఇల్లు, వేపచెట్టు, మలుపులో ఒక కుక్క. కొట్టు కన్నా కుక్క పెద్దది! ఇదేంటమ్మా అంటే, "అది కరుస్తుంది కదా మామయ్యా" అంది. నేనేం దిద్దలేదు. రూసో కూడా దిద్దేవాడు కాదనుకుంటా.

పోయిన ఆదివారం దాన్ని బండి ముందు కూర్చోబెట్టుకుని ఆ కొట్టుకే వెళ్తున్నా. పేమెంట్ మెసేజ్ ఏదో వస్తే మలుపు దగ్గర ఆపి ఫోన్ చూస్తున్నాను. అది నా చెయ్యి తట్టి, "మామయ్యా, కుక్క వచ్చేసింది, ఇప్పుడు కుడికి" అంది.

మీరూ ఒక పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి, చిన్నప్పటి ఇంటి నుంచి మీ స్కూలుకి దారి గీయండి. ఫోటో తీసి పంపండి, మీ కుక్క ఎంత పెద్దదో చూస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.